రెండో తాళం చెవి

4 అక్టోబరు 2024, శుక్రవారం

ఫ్రాన్సులో బంగారు గుడ్లగూబ దొరికిందని నిన్న ప్రకటించారు. బరంపురం నుంచి మేనకోడలు ఫోను చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా ముందు ఈ ముక్క చెప్పింది. దాని సంబరం చూస్తే తవ్వింది తనేనేమో అనుకోవాలి.

కథ 1993 నాటిది. రెజిస్ హౌజర్ అనే ఆయన మాక్స్ వాలెంటిన్ అన్న మారుపేరుతో పదకొండు చిక్కుముడులున్న పుస్తకం వేశాడు. బొమ్మలు మిషెల్ బెకర్‌వి. ఆ ఏడాది ఏప్రిల్లో ఒక రాత్రి ఫ్రాన్సులో ఎక్కడో ఒక కంచు గుడ్లగూబని పాతిపెట్టాడు. దాన్ని తవ్వి తెచ్చినవాళ్ళకి వెండి బంగారాలతో చేసిన అసలు బొమ్మ ఇస్తారు. హౌజర్ 2009లో పోయాడు. వేట మాత్రం ఆగలేదు. వేసిన 31 ఏళ్ళకి ముడి విడింది.

వీటిని పడక్కుర్చీ నిధివేటలంటారు. పనంతా ఇంట్లోనే. బొమ్మలోంచి అక్షరం తియ్యాలి, అక్షరంలోంచి అంకె, అంకెలోంచి ఊరు. ఒక పొర విప్పితే చేతికొచ్చేది జవాబు కాదు, తరవాతి పొరకి ఆధారం. పార పట్టుకునేది ఆఖరి రోజున.

"మావయ్యా, నువ్వు జీవితమంతా ట్రెజరీలోనే పనిచేశావు కదా, ఒక్క నిధి కూడా దొరకలేదా?" అంది.

దొరికినవన్నీ ప్రభుత్వానివేనమ్మా అన్నాను.

6 అక్టోబరు, ఆదివారం

మేనకోడలు పంపిన కాగితాలు చదివాను. ఈ ఆటకి ఇప్పటి రూపం వచ్చింది 1979లో, ఇంగ్లండులో అచ్చయిన 'మాస్క్వెరేడ్' పుస్తకంతో. కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు తన చేత్తో బంగారు కుందేలు నగ చేసి పాతిపెట్టి, చోటు చెప్పే పదిహేను బొమ్మలు వేశాడు. ప్రతి బొమ్మకీ చుట్టూ అంచు, అంచు నిండా అక్షరాలు. జనం ఆ అంచు మీది వాక్యాల్ని పొడుపు కథల్లా విప్పుతూ కూర్చున్నారు. అసలు కీలకం చూపులో ఉంది. బొమ్మలోని ప్రాణి కంటి నుంచి, దాని చేతి పొడుగాటి వేలి కొస మీదుగా గీత గీస్తే అది అంచులో ఒక అక్షరాన్ని తాకుతుంది. తరవాత అదే కంటి నుంచి కాలి వేలి మీదుగా. ఎడమ ముందు, కుడి వెనక. అలా బొమ్మకో మాటో రెండు మాటలో పడతాయి. వరసగా చదివితే, కేథరిన్ స్మారక స్తంభం నీడ విషువత్తు నాటి మధ్యాహ్నం ఎక్కడ పడుతుందో అక్కడ తవ్వమని వాక్యం వస్తుంది. మొదటి అక్షరాలు మాత్రం ఏరి చదివితే ఆంప్టిల్ దగ్గర అని ఊరి పేరు. ఆ ఊరి పార్కులోనే కేథరిన్ రాణి స్తంభం ఉంది.

నాకు బాగా నచ్చింది ఇక్కడే. వాక్యం ఒక దారి, మొదటి అక్షరాలు ఇంకో దారి. రెండూ ఒకే గుట్ట మీదికి చేరాయి. మా ట్రెజరీలో స్ట్రాంగ్ రూముకి డబుల్ లాకు ఉండేది. ఒక తాళం చెవి ఆఫీసరు దగ్గర, రెండోది ట్రెజరర్ దగ్గర. ఎంత నమ్మకస్తుడైనా సరే, ఒక్కడే వెళ్ళి తలుపు తియ్యలేడు. గుప్తలిపిలో కూడా అంతే అనిపిస్తోంది. నేను విప్పానని నేనే అనుకుంటే సగం తలుపే తెరుచుకున్నట్టు. రెండో తాళం చెవి నా చేతిలో ఉండకూడదు.

కుందేలుని 1982లో పట్టుకుపోయినవాడు అసలు ముడే విప్పలేదు. విలియమ్స్ పాత స్నేహితురాలి వైపు నుంచి అందిన ఆచూకీతో తవ్వాడని 1988లో సండే టైమ్స్ పత్రిక బయటపెట్టింది. పొరలన్నీ సక్రమంగా విప్పినవాళ్ళు మైక్ బార్కర్, జాన్ రూసో అనే ఇద్దరు ఫిజిక్సు మాస్టార్లు. వాళ్ళకి దక్కింది విప్పామన్న తృప్తి ఒక్కటే.

12 అక్టోబరు, విజయదశమి

అప్ప, బావ, మేనకోడలు బరంపురం నుంచి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనకోడలు నా బీరువా ముందు చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు గుడ్డసంచీలో చదువుకోడానికని ఏవో పుస్తకాలు వేసుకుంది. ఈ రోజుల్లో పుస్తకం అడిగి తీసుకెళ్ళే పిల్లలేరీ, సంతోషమే.

బావకీ దానికీ వాదన. బావ పట్టుకొట్టు మనిషి, లెక్క సూటిగా ఉండాలి. "అర్థం వచ్చీసిందంటే విప్పీసినట్టే కదేటి? ఇంకా రుజువేటి?" అంటాడు.

అది క్రిప్టోస్ సంగతి చెప్పింది. అమెరికాలో సీఐఏ ఆవరణలో రాగిరేకు మీద అక్షరాలు కోసి నిలబెట్టిన శిల్పం అది. 1990లో జిమ్ శాన్‌బోర్న్ చేశాడు. నాలుగు భాగాల్లో మూడు విడిపోయాయి. నాలుగోది 97 అక్షరాలు, వాటిలా లొంగలేదు. రెండో భాగం ఆఖర్న 'ఐడీ బై రోస్' అని వచ్చింది. వరసల వారీగా గుర్తు అని ఏదో అర్థం చెప్పుకున్నారు. ఏళ్ళ తరబడి అదే జవాబుగా చలామణీ అయింది. 2006లో శాన్‌బోర్నే చెప్పాడు, చూడ్డానికి బాగుంటుందని తాను ఒక అక్షరం వదిలేశానని, దాన్ని చేర్చి విప్పితే అక్కడ వచ్చే మాట 'లేయర్ టూ' అని. అంటే రెండో పొర. ఎంతోమంది మేధావులు ఆ రెండో పొర దగ్గరే నిలబడి, దాన్ని చూడకుండా, ఏదో ఒక అర్థం వచ్చింది కదా అని వెళ్ళిపోయారు.

బావ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే తప్పు కూడా అర్థం ఇస్తాదన్నమాట" అన్నాడు. ఈ ఆట మొత్తంలో తెలుసుకోవలసింది అదొక్కటే.

వంటింట్లో అప్ప నాతో "కరా కనువ్వు" అంది. చిన్నప్పటి క-భాష. ఒక్కటే పొర, దానికీ తాళం లేదు. బావ పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాడు, ఇంకా విప్పలేదు.

17 అక్టోబరు, గురువారం

పోస్టులో కవరు. లోపల సామాన్ల చీటీ, మేనకోడలి దస్తూరీ.

పంచదార 2 కిలోలు
రోకలి 3
ధాన్యం 1 బస్తా
అరటికాయలు 3

చీటీ వెనక ఒకటే ముక్క, విరుపులు లేకుండా: జౌడనిడదచూబంలేడుగమీది.

మూడు రోకళ్ళు ఏ ఇంట్లో కావాలి? అంటే అంకెలకి వేరే పనుందన్నమాట.

ముందు మొదటి అక్షరాలు తీశాను. ప, రో, ధా, అ. మాట కాదు. అక్షరానికో అంకె ఇచ్చే కటపయాదిలో వేస్తే ప ఒకటి, ర రెండు, ధ తొమ్మిది, విడి అచ్చు సున్న. కటపయాదిలో అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి కాబట్టి తిప్పితే 0921. సంవత్సరంలా కనిపిస్తుంది, ఆశ పుడుతుంది. కాని చీటీలో 2, 3, 1, 3 అలాగే మిగిలిపోయాయి. కాగితం మీద ఏదైనా మిగిలిందంటే పొర ఊడలేదన్నమాటే. మంచి ముడి వేసినవాళ్ళు వృథాగా పోగు వాడరు.

అప్పుడు అంకెని వరస సంఖ్య అనుకున్నాను. పంచదారలో రెండో అక్షరం చ. రోకలిలో మూడోది లి. ధాన్యంలో మొదటిది ధా. అరటికాయల్లో మూడోది టి. చలి ధాటి!

తెలుగు మాటే, చక్కని మాటే. బావయితే ఇక్కడ ఆగిపోయేవాడు. కాని అక్టోబరు నెలలో మా ఛత్రపూర్లో చలి ధాటి ఏమిటి? ఈ మాట ఇక్కడికి దేనికొచ్చిందో చెప్పలేకపోతున్నాను. వచ్చిన చోట పనిలేని మాట జవాబు కాదు, తరవాతి పొరకి ముడిసరుకు. మళ్ళీ కటపయాది. చ ఆరు, ల మూడు, ధ తొమ్మిది, ట ఒకటి. 6391. తిప్పితే 1936.

అంకెని మాటలో దాచడం మనకి పాత విద్య. సంగీతంలో మేళకర్త రాగాలన్నీ అలా పేరుపెట్టినవే. మేచకల్యాణిలో మ అయిదు, చ ఆరు, తిప్పితే 65వ మేళం. శాసనాల వాళ్ళది ఇంకో దారి, వస్తువు పేరే అంకె. అనంతవర్మ చోడగంగదేవుడి విశాఖపట్నం తామ్రశాసనం ఆయన పట్టాభిషేకం శక సంవత్సరాన్ని నంద, రంధ్ర, గ్రహ అని మూడు మాటల్లో చెబుతుంది. నందులు తొమ్మిది, రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. శక 999, అంటే క్రీస్తు శకం 1078. ఎటు నుంచి చదివినా అదే. రాజుగారికి పండితులు కష్టం లేకుండా చేశారు. మేనకోడలు అంత దయగల మనిషి కాదు.

20 అక్టోబరు, ఆదివారం

1936 గంజాం జిల్లా తెలుగువాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేని సంఖ్య. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఛత్రపూర్, బరంపురం, పర్లాకిమిడి ఇటొచ్చాయి. శ్రీకాకుళం, ముఖలింగం అటుండిపోయాయి. తెలుగువాళ్ళుండే ఊళ్ళని ఒరిస్సాలో కలపడాన్ని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి గారు, దశాబ్దాలు గడిపిన పర్లాకిమిడి వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన ముఖలింగంలో గుడి గోడల మీది శాసనాల లిపి తనకు తానే నేర్చుకుని చదివినవాడు. చేతిలో చదవగలిగిన అక్షరాల నుంచి చదవలేని అక్షరాల వైపు నడిచాడు. మేనకోడలు ఈ సంఖ్య ఎందుకు ఎంచుకుందో అర్థమైంది. ముడిలో ఊరి చరిత్ర కూడా దాచింది.

కాని 1936 ఊరు కాదు, చోటు కాదు. వెనకవైపు ముక్క ఇంకా తాకకుండా ఉంది. అక్షరాలు లెక్కపెడితే పన్నెండు. అంకెలు నాలుగు. నాలుగు నిలువు వరసలు, ఒక్కోదానిలో మూడు. ముక్కని మూడేసి అక్షరాలుగా విరిస్తే జౌడని, డదచూ, బంలేడు, గమీది. అంకెల్లో చిన్నది ముందు, పెద్దది వెనక అనుకుని, మొదటి ముక్కని 1 కింద, రెండోది 3 కింద, మూడోది 6 కింద, నాలుగోది 9 కింద నిలువుగా దింపాను.

1 9 3 6
జౌ గ డ బం
డ మీ ద లే
ని ది చూ డు

అడ్డంగా చదివితే, జౌగడ బండ మీద లేనిది చూడు.

కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగాను.

బావకి ఫోను చేసి చీటీ చదివి వినిపించి, నువ్వూ వెయ్యి అన్నాను. కూతురు వేసిన ముడి కదా, పౌరుషం వచ్చింది. సాయంత్రం తిరిగి చేశాడు. అంకెల్ని తిప్పకుండా 6391 కిందే వేశాడు. ఆయనకొచ్చింది బండగజౌ, లేదమీడ, డుచూదిని. "బండ వచ్చింది, లేద కూడా వచ్చింది. ఇంకేటి, సగం అయిపోనాది" అన్నాడు. అదే ప్రమాదం. పూర్తిగా పిచ్చిరాత వస్తే మనిషి వదిలేస్తాడు. సగం అర్థం వస్తే పట్టుకుని వేలాడతాడు. కాని ఈసారి బావని అదృష్టం కాపాడింది. 6391 అంటే 1936కి అద్దంలో నీడ. ఆయన వరసల్ని కుడి నుంచి ఎడమకి చదవమన్నాను. కాసేపు నిశ్శబ్దం. తరవాత అటునుంచి "జౌగడ" అని అరుపు.

రెండు దారులు, ఒకే గుట్ట.

25 అక్టోబరు, శుక్రవారం

రాత్రి దానా తుపాను ఉత్తరాన భితరకనిక వైపు తీరం దాటింది. ఇక్కడ గాలీ వానా. కరెంటు లేదు. లాంతరు వెలుతుర్లో జౌగడకి వెళ్ళే ముందు చదవవలసినవి చదివాను.

మన జిల్లాలోనే, ఋషికుల్య ఒడ్డున, పురుషోత్తమపూర్ దగ్గర జౌగడ. అశోకుడి శాసనం ఉన్న బండ అక్కడుంది. దాన్ని ఎవరూ గుప్తలిపిలో రాయలేదు. దారిన పోయేవాళ్ళందరికీ తెలియాలని చెక్కించారు. కాలమే తాళం వేసింది. ఆ బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ విప్పాడు. కలకత్తా టంకశాలలో నాణేల్లో బంగారం, వెండి పాళ్ళు పరీక్షించే ఉద్యోగి. నేనూ ప్రభుత్వ ఖజానా మనిషినే కాబట్టి ఆయనంటే కొంచెం బంధుత్వం.

సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాతి కమ్మీల మీద చిన్న చిన్న రాతలు. ఒక్కొక్కటీ వేరు, కాని చాలావాటి ఆఖర్న అవే రెండు అక్షరాలు, చివర చుక్క. గుడికి స్తంభమో కమ్మీయో ఇచ్చినవాళ్ళు ఏం రాయించుకుంటారు? ఫలానావారి దానం అని. ఆ ఊహతో ద, న, చుక్క చేతికొచ్చాయి. దానికి ముందు పదేపదే వచ్చే అక్షరం 'యొక్క' అన్న అర్థమిచ్చే స అయుండాలి. అక్కణ్ణుంచి మిగతా అక్షరాలు ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి బయటికొచ్చాయి. పొర విప్పేటప్పుడు లిపిని చూస్తే సరిపోదు. రాసినవాడికి ఆ చోట ఏం చెప్పవలసిన అవసరం ఉందో అడగాలి.

చదవడం వచ్చింది. రాసిన రాజు ఎవరో తెలియలేదు. శాసనాల్లో ఆయన దేవానాంప్రియుడు, ప్రియదర్శి. ప్రిన్సెప్ మొదట సింహళ రాజనుకున్నాడు. సింహళంలో ఉన్న జార్జ్ టర్నర్ పాలి గ్రంథాలు చూసి, ఇది అశోకుడి బిరుదు అన్నాడు. పుస్తకం సాక్ష్యం చెప్పింది, రాయి ఇంకా చెప్పలేదు. 1915లో నిజాం రాజ్యంలో, రాయచూరు జిల్లా మస్కిలో, బంగారు గనుల ఇంజనీరు బీడన్ కంట ఒక బండ పడింది. దాని మీద అశోక అన్న పేరే చెక్కి ఉంది. బంగారం వెతికే మనిషికి రెండో తాళం చెవి దొరికింది. మొదటిదానికీ దీనికీ మధ్య 78 ఏళ్ళు. ప్రిన్సెప్ 1840లోనే పోయాడు.

తుపాను పేరు దానా, లిపిని విప్పిన మాట దానం. ఇది రాస్తుంటే ఒక్క క్షణం ఒళ్ళు ఝల్లుమంది. దీనికి అర్థమేమీ లేదు. ఇలాంటి పొంతనలే వేటగాళ్ళని ముంచుతాయి. లోకం నిండా పొంతనలే. ఎవరో మన కోసం పెట్టినది ఏదో, వాటంతట అవి పడినవి ఏవో తేల్చుకోవడానికే ఆ రెండో తాళం చెవి.

3 నవంబరు, ఆదివారం

బావ కారులో జౌగడ వెళ్ళాం. బండకి పురావస్తు శాఖ కప్పు వేసి కమ్మీలు పెట్టింది. 1850లో సర్ వాల్టర్ ఎలియట్ దీన్ని చూసి నకలు తీశాడు. అమరావతి శిల్పాలు తవ్వించిన ఎలియట్ ఈయనే. నకలుని ధౌలి, గిర్నార్ శాసనాలతో పోల్చి ఇది కూడా ఆ వరసలోదేనని గుర్తించాడు. రాత మూడు పలకలుగా ఉంది. మొదటిదాంట్లో ఒకటి నుంచి అయిదు వరకు శాసనాలు, రాయి పెచ్చులూడి సగం దాకా పోయింది. రెండోదాంట్లో ఆరు నుంచి పది, వాటి వెనకే పద్నాలుగు. మూడోదాంట్లో కళింగ దేశానికి రాయించిన రెండు ప్రత్యేక శాసనాలు, సమాపలోని మహామాత్రులకి ఆజ్ఞలు. మనుషులందరూ నా బిడ్డలు అని రాజు చెప్పేది అక్కడే.

పది తరవాత పద్నాలుగు. పదకొండు, పన్నెండు, పదమూడు లేవు. మేనకోడలు నా మొహం చూస్తూ నించుంది, ఒక్క మాట సాయం చెయ్యలేదు.

పదమూడోది కళింగ యుద్ధం శాసనం. లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, దానికి తాను బాధపడ్డానని రాజు ఒప్పుకున్నది. కళింగంలో, ఇక్కడా ధౌలిలోనూ, అది చెక్కించలేదు. ఓడినవాళ్ళ ముందు ఆ లెక్క చదవడం ఇష్టం లేకనే అని పరిశోధకులు సాధారణంగా చెబుతారు. మన కర్నూలు వైపు ఎర్రగుడిలో మాత్రం పద్నాలుగూ ఉన్నాయి. పైగా అక్కడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. అది చెప్పగానే బావ, "చూశావా, నాలాగే రాశాడు" అన్నాడు.

ఊళ్ళో ఒక పెద్దాయన మా వెనకే వచ్చి ఒడియాలో మెల్లగా అడిగాడు, నిధి కోసమా అని. కాదన్నాను, నవ్వాడు, నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. గుప్తనిధుల పిచ్చిలో గుళ్ళు తవ్వినవాళ్ళు, నందుల్ని పగలగొట్టినవాళ్ళు తెలుగు నేల మీద తక్కువేం కాదు. ఆ తవ్వేవాళ్ళకీ పడక్కుర్చీ వేటగాళ్ళకీ తేడా పార వాడకంలో లేదు. గుప్తనిధి దాచినవాడు పరాయివాడికి దొరక్కూడదని దాచాడు. నిధివేట వేసినవాడు పరాయివాడికే దొరకాలని దాచాడు. అందుకే రెండోదానిలో న్యాయం ఉంటుంది, ఆధారాలుంటాయి. మొదటిదానిలో ఉండేవి పుకార్లు, పూనకాలు. ఆట అయినా ఒళ్ళు మరిస్తే ప్రాణం మీదికొస్తుంది. అమెరికాలో ఫారెస్ట్ ఫెన్ 2010లో 24 పాదాల పద్యంతో పెట్టిన పెట్టె 2020లో వయోమింగ్‌లో దొరికేలోపు కనీసం అయిదుగురు కొండల్లో, నదుల్లో పోయారు.

దారిలో బావకి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెప్పాను. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే దొరికినవాడు కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. సొంతదారు ఎవరో తేలక, నేల వేరొకరిదైతే ముప్పాతిక దొరికినవాడికి, పాతిక నేల యజమానికి.

"పది రూపాయలా? ఇప్పుడు తవ్వినోడి టీ ఖర్చే అంతకంటే ఎక్కువ" అన్నాడు బావ.

10 నవంబరు, ఆదివారం

బండ మీద లేనిది చూశాను. పదకొండు, పన్నెండు, పదమూడు. తరవాత? ఈ వారమంతా శాసనాల పుస్తకాలే తిరగేశాను. అన్నీ అర్థమిస్తున్నాయి, ఏదీ తెరుచుకోవడం లేదు. పదమూడో శాసనంలో పేర్లు పట్టుకుంటే గ్రీకు రాజుల దాకా పోతోంది. ఎంత దూరం పోతే అంత బాగున్నట్టుంది. అదే అనుమానం తెచ్చింది. సామాన్ల చీటీ రాసిన పిల్ల నన్ను గ్రీసు పంపదు.

ఆ ఊళ్ళో ఏముందని కాక, ఆ పిల్లకి ఏం అందుబాటులో ఉందని అడిగాను. నా ఇల్లు. నా బీరువా. చందమామలు నేనే బైండు చేయించుకుని వీపు మీద అంకెలు వేసుకున్నాను. వెళ్ళి చూస్తే పది పక్కన పద్నాలుగు. మధ్యలో సందు లేదు. మిగతావాటిని జరిపి సర్దేసింది. దసరానాడే.

మధ్యాహ్నం బస్సులో బరంపురం వెళ్ళాను. మేనకోడలు ఏమీ అడక్కుండా గుడ్డసంచీ తెచ్చి ముందు పెట్టింది. పదమూడో పుస్తకంలో బరంపురం పట్టు కండువా మడత పెట్టి ఉంది, బావ కొట్టులోదే. దాని విలువ పది రూపాయలు దాటుతుంది కాబట్టి కలెక్టరుకి తెలియజెయ్యమని బావ పట్టుబట్టాడు. చట్టం నేలలో దొరికినవాటికి, చందమామలో దొరికినవాటికి కాదని చెప్పాల్సొచ్చింది. అప్ప అప్పడాలు వేయించింది.

నేను ఒకటి అడిగాను. "చీటీ మాత్రమే చూసి ఎవరైనా బీరువా దాకా రాగలరా?"

"రాలేరు. చీటీలో జౌగడ దాకానే ఉంది. జౌగడలో అంకెల దాకానే ఉంది. నీ బీరువాలో సందు నేను కాగితం మీద రాయలేదు మావయ్యా. రాస్తే నువ్వు నమ్మేసేవాడివి. చూస్తే తెలియాలి."

మస్కి బండ గురించి దానికి నేనేం చెప్పలేదు.

15 నవంబరు, కార్తీక పున్నమి

పొద్దున్నే తంపర చెరువులో పిల్లలు అరటిదొప్పల పడవలు వదిలారు. ఇంటికొచ్చి, మేనకోడలికి నేను వెయ్యబోయే ముడికి షరతులు రాసుకున్నాను.

ఒకటి, కాగితం మీద పనిలేని అక్షరం ఉండకూడదు. తప్పుదారి పెట్టొచ్చు, కాని అది తప్పని ఆ దారిలోనే తెలియాలి. 0921 దారిలో చీటీ అంకెలు మిగిలిపోయి చెప్పినట్టు.

రెండు, ప్రతి పొరకీ అర్థం ఉండాలి, కాని ఆఖరి పొర తప్ప ఏదీ అక్కడ ఆగేంత అర్థం ఇవ్వకూడదు. చలి ధాటి అలాంటిది. క్రిప్టోస్ రెండో భాగం అలా కాకపోవడానికి కారణం ఒక్క అక్షరం. వేసేవాడు అందం కోసం అక్షరం తీస్తే, విప్పేవాడు ఏళ్ళ తరబడి మూల్యం చెల్లిస్తాడు. కాబట్టి పంపే ముందు నేనే ఒకసారి మొదటి నుంచి విప్పి చూసుకోవాలి.

మూడు, మేనకోడలికి తెలిసిన విద్యలే వాడాలి. దానికి సంగీతం రాదు, మేళకర్తలు వద్దు. లెక్కలు వచ్చు. నాకు తెలిసిన గొప్పలన్నీ పేర్చితే అది ముడి కాదు, నా గురించి నేను రాసుకున్న ప్రశంసాపత్రం.

నాలుగు, రుజువు కాగితానికి బయట ఉండాలి.

మొదటి మూడూ కూర్చుని చెయ్యగలిగినవి. నాలుగోదానికి మనిషి కావాలి. ఎవరి దగ్గర పెట్టాలా అని ఆలోచించి తేల్చాను. వచ్చే నెల అప్ప వాళ్ళింటికి వెళ్ళినప్పుడు రెండో తాళం చెవి బావ దగ్గర పెడతాను. తన దగ్గర ఉందని బావకి చెప్పను.